పరాయి పట్నంలో ఐతారం

కొండపాక మండలంలో ఎవరైనా సింగపూర్ పోతున్నారని తెలిస్తే మూడు ప్రశ్నలు వెంటనే వచ్చిపడతాయి. "జీతమెంతనే?" "ఏజెంటుకు ఎంత గట్టినవ్?" "మల్ల ఎప్పుడొస్తవ్?" మూడూ అడగాల్సినవే. నాలుగోదాన్ని మాత్రం ఎవరూ అడగరు: "ఆడ ఐతారం నాడు ఏం జేస్తవ్?"

ఈ అధ్యాయమంతా ఆ నాలుగో ప్రశ్న గురించే. వారంలో ఆరు రోజులు కంపెనీవి. చీకటితో లేవాలి, బూట్లు కట్టుకోవాలి, కంపెనీ లారీ ఎక్కి సైటుకు పోవాలి, రాత్రికి మళ్లీ అదే లారీలో డార్మిటరీకి రావాలి. ఐతారం ఒక్కటే మీ చేతిలో ఉంటుంది. ఆ ఒక్క రోజునూ మంచం మీద ఫోన్ పట్టుకుని గడిపితే, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చే మనిషికి సైటు, లారీ, మంచం తప్ప ఆ దేశంలో ఏదీ తెలియదు. "పోయింది కమాయించనీకి, తిరుగనీకా?" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. తిరిగితే ఖర్చు, ఖర్చయితే అప్పు తీరదు. కానీ జీతం కోసినప్పుడు ఎక్కడికి పోవాలో తెలియక నోరు మూసుకునేవాడూ, చేతికి దెబ్బ తగిలితే సూపర్‌వైజర్ చెప్పిందే వేదమనుకునేవాడూ, తక్కువ రేటుకు ఇంటికి డబ్బు పంపేవాడూ ఎవరంటే ఆ పట్నం తెలియనివాడే. ఊరు నేర్చుకోవడం సంపాదనలో భాగం. ఆ పనికి దొరికేది ఐతారమే.

నేర్చుకోవడానికి మరీ పెద్ద ఊరేమీ కాదు కూడా. దేశం మొత్తం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. మన సిద్దిపేట జిల్లాలో దాదాపు ఐదో వంతు. మన జిల్లాలో 2011 లెక్కల నాటికి పది లక్షల పైచిలుకు జనం ఉంటే, ఆ ఐదో వంతు నేల మీద అరవై లక్షల మంది ఉంటున్నారు. అంత జనం ఒకరికొకరు అడ్డం పడకుండా బతకాలి కాబట్టి అక్కడ ప్రతిదానికీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. వరుసలో నిలబడడం, చెత్త డబ్బాలోనే వేయడం, దారికి ఎడమ పక్కన ఉండడం. కొత్తలో ఇవన్నీ మనల్ని కట్టేసినట్టు అనిపిస్తాయి. పద్ధతి తెలిసిపోతే మాత్రం భాష రానివాడు కూడా ఎవరినీ బతిమాలకుండా తిరగగలిగిన పట్నం అది.

కొత్త చోట బతకడం మన మండలానికి తెలియనిదేమీ కాదు. మల్లన్నసాగర్ కింద ఎర్రవల్లి, సింగారం పోయాయి. ఆ ఊళ్లవాళ్లు గజ్వేల్ పక్కన కాలనీకి మారారు. దూరం చూస్తే ఎంతో లేదు, బాస అదే, బువ్వ అదే. అయినా ఎవరి దుకాణంలో ఉద్దెర ఇస్తారు, రాత్రిపూట జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలి అన్నవి మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. గజ్వేల్‌కే అంత ఉంటే సముద్రం దాటినవాడికి ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆ నేర్చుకోవడాన్ని పనిగా పెట్టుకోవాలి. దానంతటదే వస్తుందనుకుంటే రాదు.

మనకంటే ముందు తెలుగువాళ్లు తూర్పు దిక్కుకు పెద్ద ఎత్తున పోయింది రంగూన్‌కు. కోస్తా జిల్లాల నుంచి, కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కి వేల మంది రంగూన్ రేవులో కూలికి పోయేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ ఛార్జీ పెట్టేవాడు, బస చూపించేవాడు, కూలి డబ్బులు ఆయన చేతి మీదుగానే వచ్చేవి. అంటే కూలివాడికీ ఆ నగరానికీ మధ్య ఎప్పుడూ మేస్త్రీ నిలబడి ఉండేవాడు. 1930లో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు బర్మా కూలీలను పనిలో పెట్టారు, ఆ గొడవ ముదిరి అల్లర్లయ్యాయి, ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చేసరికి లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. చరిత్ర మీ చేతిలో ఉండదు. మీకూ పట్నానికీ మధ్య మేస్త్రీని ఎంతకాలం నిలబడనిస్తారన్నది మాత్రం మీ చేతిలో ఉంది. ఇవాళ ఆ మేస్త్రీకి ఏజెంటు అని పేరు.

అందుకే పట్నాన్ని నేర్చుకునే పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి. వర్క్ పర్మిట్ మీద పోయేవారికి ముందుగా ఐపీఏ అనే అనుమతి పత్రం వస్తుంది. దాన్ని ఇచ్చేది సింగపూర్ మానవ వనరుల శాఖ; ఆ శాఖను అక్కడ అందరూ ఎంఓఎం అంటారు. యజమాని ఎవరు, పని ఏమిటి, బేసిక్ జీతం ఎంత, అలవెన్సులెంత, కోతలెంత అన్నవి అందులో ఉంటాయి. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన అంకెను పక్కన పెట్టి ఈ కాగితంలోని బేసిక్ చూడండి. ఓటీ, అంటే ఓవర్‌టైం, లెక్క దాని మీదే నడుస్తుంది. అక్కడి చట్టం ప్రకారం వారానికి 44 గంటలు మామూలు పని. ఆపైన చేసినదానికి గంట రేటుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఓటీ నెలకు 72 గంటలు దాటకూడదు. బేసిక్ 800 డాలర్లు అనుకుందాం. ఏడాది జీతం 9,600. దాన్ని 52 వారాలతో, ఆ వచ్చినదాన్ని 44 గంటలతో భాగిస్తే గంటకు 4 డాలర్ల 20 సెంట్ల దగ్గర తేలుతుంది. ఓటీ గంటకు 6 డాలర్ల 30 సెంట్లు. నెలకు 72 గంటలూ చేస్తే 450 డాలర్ల పైన. "నెలకు 1,250 వస్తది తమ్మీ" అని ఏజెంటు అంటే ఆ మాటలో ఒళ్లు విరిగే ఓటీ అంతా కలిసి ఉందన్నమాట. ఈ భాగహారం మీరే చేసుకోండి, ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే ఆమెతో చేయించండి. సంతకం పెట్టేముందు చేయాల్సిన లెక్క ఇది.

ఇంకో లెక్క అప్పుది. మూడు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9 వేలు వడ్డీకే పోతుంది. డాలరు 65 రూపాయలనుకుంటే దాదాపు 140 డాలర్లు. అసలు కదలకుండానే ఆ 800లో ఆరో వంతు ఎగిరిపోయింది. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. సింగపూర్ పక్క ఏజెన్సీ అయితే ఒప్పందంలోని ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంత చేసినా రెండు నెలల జీతం మించి మీ దగ్గర తీసుకోకూడదు. లక్షలు అడిగేవాడు దేనికి అడుగుతున్నాడో విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనంటే అక్కడే మీకు సమాధానం దొరికినట్టు.

ఒక సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, థాయ్‌లాండ్, ఇండోనేసియా కలిపి 18 దేశాలకు పనికి పోయేటప్పుడు అలాంటివారి కాగితాలను ప్రభుత్వం ఒకసారి చూస్తుంది. సింగపూర్ ఆ జాబితాలో లేదు. నడుమ ఆపి అడిగేవాళ్లు లేరు కాబట్టి అడిగే పని మీ మీదే పడుతుంది. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో కనబడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా పోయే దారి కూడా ఉంది. ముందు అక్కడ వాకబు చేసి తర్వాతే బయటి ఏజెంటు గడప తొక్కాలని నా గట్టి అభిప్రాయం.

చదువుకున్న పిల్లలకు మరో హెచ్చరిక. "బ్యాంకాక్‌లో కంప్యూటర్ కొలువు, ఇంగ్లీషు వస్తే చాలు, విజిట్ వీసా మీద వచ్చేయ్" అని ఫోన్‌లో పిలుపు వస్తే కదలకండి. అలా బ్యాంకాక్‌లో దిగినవారిని థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ మీదుగా నది దాటించి మయన్మార్‌లోని మ్యావాడీ దగ్గర సైబర్ మోసాల అడ్డాల్లో బంధించారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు రెండు విడతల్లో అక్కడినుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను మే సోట్ నుంచి తెచ్చాయి. వాళ్లలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. విజిట్ వీసా మీద ఏ దేశంలోనూ కొలువు ఉండదు. ఇంట్లో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది, ముఖ్యంగా డబ్బు సర్దే నాయిన.

సామాను విషయం తొందరగా చెప్పేస్తాను. మామిడికాయ తొక్కు, కారం పొడి, సకినాలు పట్టుకుపోవచ్చు. కోడి తొక్కు, మటన్ తొక్కు వద్దు. మన దేశం నుంచి మాంసం సరుకును అక్కడికి రానివ్వరు. గసగసాలు కూడా పెట్టొద్దని అవ్వకు చెప్పండి, అక్కడ వాటిని మత్తుమందుల చట్టం కింద చూస్తారు. గుట్కా, ఖైనీ, జర్దా, వేప్ నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మన మనిషే కదా అని ఎవరి పార్శిలూ విప్పి చూడకుండా సంచిలో పెట్టుకోవద్దు. మాదకద్రవ్యాలకు ఆ దేశంలో ఉరిశిక్ష ఉంది.

ఇక ఐతారాల సంగతి.

మొదటి ఐతారం రైలుకు ఇవ్వండి. 2023 అక్టోబర్‌లో సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలయ్యేదాకా మన మండలంలో చాలామందికి ప్రయాణమంటే రాజీవ్ రహదారి, జేబీఎస్ బస్సు. దుద్దెడలో ఇప్పుడు స్టేషన్ ఉంది, అయినా రైలు మారే అలవాటు మనకు తక్కువ. సింగపూర్‌లో బతుకంతా రైలు మారడంలోనే ఉంటుంది. 1987లో మొదలైన అక్కడి మెట్రో రైలు, ఎంఆర్‌టీ, ఇప్పుడు ఊరంతా అల్లుకుపోయింది. దాన్ని నేర్చుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, రంగు చూడాలి, నంబరు చూడాలి. ప్రతి లైనుకు ఒక రంగు, ప్రతి స్టేషన్‌కు ఆ లైను అక్షరాలతో ఒక నంబరు. ఎర్ర లైనులో క్రాంజీ ఎన్‌ఎస్ 7. అక్కడ డార్మిటరీలు చాలా ఉన్నాయి. మీరు ఐతారం మనవాళ్లు చేరే లిటిల్ ఇండియా పోవాలి. నంబర్లు పెరిగే దిక్కున ఎర్ర రైలెక్కి ఎన్‌ఎస్ 21 వచ్చేదాకా కూర్చోండి, ముప్పావు గంటకు అటూ ఇటూ పడుతుంది. అది న్యూటన్. అదే స్టేషన్‌కు నీలం లైనులో డీటీ 11 అని ఇంకో నంబరు ఉంది. నీలం గీతలు చూసుకుంటూ నడిచి, మళ్లీ నంబర్లు పెరిగే దిక్కు రైలెక్కితే తర్వాతి స్టేషన్ డీటీ 12. అదే లిటిల్ ఇండియా. నంబర్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్న ఒక్క విషయం పట్టుకుంటే మీరు ఎటు పోతున్నారో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

ఛార్జీ కట్టే కార్డును ఎక్కేటప్పుడు తాకించినట్టే దిగేటప్పుడూ తాకించాలి. బస్సులో ఇది మరిచిపోతే చివరి స్టాప్ దాకా పోయినట్టు ఛార్జీ పడుతుంది. బస్సు దానంతటది ఆగదు, చెయ్యి ఎత్తాలి. రైల్లో నీళ్లు తాగినా, పల్లీలు తిన్నా 500 డాలర్ల దాకా జరిమానా ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడి కుడి పక్క ఖాళీ ఉంచాలి, తొందరున్నవాళ్లు నడిచిపోతారు. దారి అడగాల్సి వస్తే స్టేషన్‌లో యూనిఫాం వేసుకున్నవారిని అడగండి. అడగడానికి సిగ్గుపడేవాడికి ఏ పట్నమూ తెరుచుకోదు. తమిళం నాలుగు అధికార భాషల్లో ఒకటి, బోర్డుల మీద ఉంటుంది, కానీ మనకు దానితో పెద్ద ఆసరా లేదు. పెద్ద వయసు మగవారిని "అంకుల్" అని, ఆడవారిని "ఆంటీ" అని పిలవండి. చీనావాళ్లైనా, మలయ్‌వాళ్లైనా, టాక్సీ నడిపేవాళ్లైనా, కాఫీ పోసేవాళ్లైనా ఆ పిలుపుకు పలుకుతారు. అన్నా, అక్కా అని పిలిచి మాట కలిపే మనకు ఇది కష్టమైన విద్య కాదు.

తిండి గురించి మనవాళ్లు పడే బాధ నిజమైనది. రాత్రి వండి కట్టిన క్యాటరింగ్ అన్నం మరునాడు మధ్యాహ్నం సైటు మీద తినాల్సి వస్తుంది. కనీసం ఐతారం వేడి అన్నం తినండి. వండుకునే వీలున్న డార్మిటరీలో నలుగురు కలిసి వండుకోవడం అన్నిటికంటే చవక. బయట తినాలంటే హాకర్ సెంటర్‌కు పోవాలి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు ఉంటాయి, ఏసీ ఉండదు, ధర తక్కువ. రోడ్ల మీద తోపుడు బండ్లు పెట్టుకున్నవారిని ప్రభుత్వమే ఇలాంటి చోట్లకు మార్చింది. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మంత్రిగారి డ్రైవరూ, బ్యాంకు ఉద్యోగీ, సైటు కూలీ పక్క పక్క బల్లల మీద తినే చోటు అది. మీ బూట్లకు సిమెంట్ ఉందని అక్కడ కుంచించుకుపోవద్దు. బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ కనబడితే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, తీయకూడదు. తిన్న పళ్లెం మీరే తీసుకుపోయి పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి అది నిబంధన. పరోటాను అక్కడ ప్రాటా అంటారు, పప్పుచారు లాంటి కూరతో ఇస్తారు. కొత్తవాడి కడుపును కాపాడేది అదే. నల్లా నీళ్లు నేరుగా తాగొచ్చు. సీసా కొనే డబ్బు మిగుల్చుకోండి.

లిటిల్ ఇండియాకు ఎలాగూ పోతారు. ఐతారం సాయంత్రం సెరంగూన్ రోడ్డు మీద నడుస్తుంటే తమిళం, బెంగాలీ మధ్యలో "ఏం రా బై, ఎప్పుడొచ్చినవ్?" అని మన మాట వినబడుతుంది. టెక్కా సెంటర్‌లో కరివేపాకు, చింతపండు, చేపలు దొరుకుతాయి. శ్రీనివాస పెరుమాళ్ గుడి ఆ రోడ్డు మీదే ఉంది. ముస్తఫా సెంటర్‌లో దొరకని సామాను లేదు, అందుకే జేబులో లెక్కపెట్టిన డబ్బుతోనే లోపలికి పోవాలి. ఇంటికి పోయేముందు నెల జీతమంతా అక్కడే బంగారానికీ, ఫోన్లకూ, చాక్లెట్లకూ పెట్టి చేతులు దులుపుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఊళ్లో అందరికీ ఏదో ఒకటి తేవాలన్న మొహమాటాన్ని మొదటి ఏడాదే తెంచుకోండి. అప్పు ఇచ్చినాయనకు చాక్లెట్ డబ్బా ఇచ్చినంత మాత్రాన వడ్డీ ఆగదు.

మందు విషయం దాచకుండా చెప్పుకోవాలి. 2013 డిసెంబర్ 8న, ఒక ఐతారం రాత్రి, లిటిల్ ఇండియాలో ఒక తమిళ కూలీ బస్సు కింద పడి చనిపోయాడు. దాని వెంట అల్లర్లు చెలరేగాయి, వాహనాలు తగలబడ్డాయి, చాలామందిని దేశం నుంచి పంపించేశారు. 2015లో చట్టం వచ్చింది: ఊరంతటా రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడు దాకా బహిరంగంగా తాగకూడదు, లిటిల్ ఇండియాలో వారాంతాల్లో, సెలవు రోజుల్లో ఆంక్షలు ఇంకా కఠినం. ఒక్క రాత్రి సరదా రెండేళ్ల పర్మిట్‌ను తినేస్తుంది. ఇంటి దగ్గర కల్లు మండువాలో నలుగురితో కూర్చోవడం వేరు, అక్కడ గడ్డి మీద కూర్చుని సీసా తీయడం వేరు.

డబ్బు పంపడం కూడా ఐతారం పనే. తోటివాళ్లు ఏ దుకాణానికి పోతే అక్కడికే పోకుండా రేటు, ఫీజు రెండూ కలిపి మీ ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో రెండు మూడు చోట్ల అడగండి. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐకీ సింగపూర్ పేనౌకీ లంకె వేశారు. ఆ సౌకర్యం ఉన్న బ్యాంకు ఖాతా మీకుంటే ఫోన్ నుంచే పంపొచ్చు. హుండీలో పంపితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఎవరైనా అంటే వద్దనండి. ఆ డబ్బు పోతే అడగడానికి రసీదు ఉండదు.

నా లెక్కలో అన్నిటికంటే విలువైన ఐతారం మరొకటి ఉంది. ఏ కష్టమూ లేనప్పుడే, కష్టమొస్తే పోవాల్సిన చోట్లను ఒకసారి చూసి రండి. మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ అనే సంస్థ 2009 నుంచి ఉంది, దాని ఫోన్ 6536 2692, రాత్రయినా ఎత్తుతారు. టీడబ్ల్యూసీ2 అనే స్వచ్ఛంద సంస్థ, కేసులు నడుస్తూ పనిలేక ఆగిపోయిన కూలీలకు లిటిల్ ఇండియాలో 2008 నుంచి ఉచితంగా అన్నం పెడుతోంది. హోమ్ అనే మరో సంస్థ కూడా ఉంది. నంబర్లను "అన్న 1", "అన్న 2" అని ఫోన్‌లో రాసుకున్నా సరే, ఉండాలి. జీతం నెల ముగిసిన ఏడు రోజుల్లో, ఓటీ డబ్బులు పద్నాలుగు రోజుల్లో ఇవ్వాలి. జీతం వివరాల చీటీ ఇవ్వడం తప్పనిసరి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. పనిలో దెబ్బ తగిలితే తప్పెవరిదైనా సరే ఆసుపత్రి ఖర్చు, సెలవు జీతం, నష్టపరిహారం అడిగే హక్కు మీకుంది, ఏడాదిలోగా అడగాలి. డాక్టరుకు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, "రూములో జారిపడ్డ" అని ఎవరో నేర్పిన మాట చెప్పొద్దు. ఒక చిన్న నోట్‌బుక్ కొని రోజూ పని మొదలైన టైం, దిగిన టైం రాసుకోండి. గొడవ వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ మీ పక్షాన మాట్లాడుతుంది.

అన్ని ఐతారాలూ పనులకే పోతే మనిషి ఎండిపోతాడు. బొటానిక్ గార్డెన్స్‌కు టికెట్ లేదు, అది 2015లో యునెస్కో జాబితాకెక్కిన తోట. ఈస్ట్ కోస్ట్‌లో సముద్రం చూడొచ్చు. కొండపాకలో పుట్టినవాడికి సముద్రం ఊరికే దొరికేది కాదు. సైటులో మీరు ఇరవయ్యో అంతస్తు దాకా కట్టిన బిల్డింగ్ పూర్తయ్యాక ఒకసారి బయటినుంచి పోయి చూడండి, ఫొటో తీసి ఇంటికి పంపండి. "ఇది నేను కట్టిన" అని బిడ్డకు చెప్పుకోవడంలో తప్పేముంది? తెలంగాణ కల్చరల్ సొసైటీవాళ్లు ఏటా బతుకమ్మ ఆడతారు, సెంబవాంగ్ పార్కులో చాలాసార్లు జరిగింది. 1975లో పుట్టిన సింగపూర్ తెలుగు సమాజం ఉగాది చేస్తుంది. అక్కడికొచ్చేవారిలో ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు, కుటుంబాలతో వస్తారు. మనల్ని కలుపుకుంటారా అని వెనకాడొద్దు. పోండి, ఊరి పేరు చెప్పండి. ఆ పరిచయం ఏదో ఒక రోజు ఒక దరఖాస్తు నింపడానికో, ఒక ఫోన్ మాట్లాడడానికో అక్కరకొస్తుంది. ఉద్యోగులైన అన్నలకూ ఒక మాట: మీ పండుగకు డార్మిటరీ పిల్లలు వచ్చారా అని ఈ ఏడాది చూసుకోండి.

2020లో కరోనా వచ్చినప్పుడు డార్మిటరీల్లో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు, వాళ్లలో దాదాపు సగం మందికి సోకింది. నెలల తరబడి గేటు దాటనివ్వలేదు. పని తప్ప బయటి ప్రపంచం లేకుండా పోతే మనసు ఎంత కుంగుతుందో ఆ రోజుల్లో అందరికీ అర్థమైంది. ఇప్పుడు గేటు తెరిచే ఉంది. అలసట పేరుతో మనమే దాన్ని మూసుకోవద్దు.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా ఆలోచించి పెట్టుకోండి. సింగపూర్ గడియారం మన దేశంకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఎనిమిదికి మీరు మంచం ఎక్కి ఫోన్ చేస్తే ఇక్కడ అయిదున్నర, అవ్వ ఇంకా పత్తి చేనులోనో, పాలు పిండే కాడనో ఉంటుంది. "నాతోని మాట్లాడనీకి టైమే లేదు" అని మీరు, "ఎప్పుడు జూసినా పనిలున్నప్పుడే చేస్తడు" అని వాళ్లు. రాత్రి పదింటికి చేస్తే ఇక్కడ ఏడున్నర, అన్నం ముందు అందరూ ఉంటారు. అయితే మీరు పొద్దున నాలుగున్నరకు లేవాలి. అందుకే రోజూ రెండు నిమిషాలు, ఐతారం తీరుబడిగా ఒక గంట అని మాట అనుకోండి. ఆ గంటలో "మంచిగున్న" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. ఏ రైలెక్కారో, ఏం తిన్నారో, ఎంత పంపారో, అప్పు ఎంత మిగిలిందో చెప్పండి. ఆదాయమెంతో దాచితే ఇంట్లో పెండ్లిళ్లకూ, స్లాబులకూ మీ మీద లేని ఆశలు పెరుగుతాయి. సంక్రాంతి తర్వాత ఐతారాల్లో ఇంటోళ్లు కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయి వీడియో కాల్ చేస్తారు. ఆ రోజు గొంతు పూడుకుపోతుంది, పూడుకుపోనివ్వండి. ఫోన్ పెట్టేశాక ఒక్కరే గదిలో కూర్చోకుండా బయటికి నడవండి.

పనిలో ఎదగడానికి దారి ఉంది. నిర్మాణ రంగంలో నైపుణ్య పరీక్షలు పాసై పై స్థాయి కూలీగా నమోదైతే మీ తరఫున కంపెనీ ప్రభుత్వానికి కట్టే లెవీ తగ్గుతుంది. కంపెనీకి మిగులుతుంది కాబట్టి జీతం పెంచమని అడగడానికి మీకూ నోరు వస్తుంది. ఏడాది దాటాక ఏ కోర్సు ఉందో సూపర్‌వైజర్‌ను అడగండి, సర్టిఫికెట్లన్నీ ఫొటో తీసి ఇంటికి పంపి ఉంచండి. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో పని వెతికినా, ఇంకో దేశం పోవాలనుకున్నా చేతిలో ఉండే ఆస్తి అదే.

రెండో ఏడాది వచ్చేసరికి మన దిక్కు నుంచి ఇంకో పిల్లవాడు మీ డార్మిటరీకి వస్తాడు. దుద్దెడవాడో, కుకునూర్‌పల్లివాడో. మొదటి ఐతారం వాణ్ని లిటిల్ ఇండియాకు తీసుకుపోండి, ప్రాటా తినిపించండి, పైన చెప్పిన నంబర్లు ఫోన్‌లో ఎక్కించండి. తిరిగొచ్చేటప్పుడు వాణ్ని ముందు నడవమనండి, మీరు వెనక ఉండండి. ఏ లైను, ఏ ప్లాట్‌ఫాం అన్నది వాణ్నే చూసుకోనివ్వండి. తప్పు దిక్కు రైలెక్కితే ఎక్కనివ్వండి. రెండు స్టేషన్లు పోయాక నంబర్లు చూడమని చెప్పండి.